‘హాబీ’ అనే గడి: సాము నుంచి కరాటే దాకా

2011లో డిగ్రీ అయిపోయాక కోచింగ్ కోసం అమీర్‌పేట వచ్చాను. మైత్రీవనం వెనక సందులో ఒక లేడీస్ హాస్టల్, ఒక్క గదిలో ఐదుగురం. ఢిల్లీలో 2012 డిసెంబరులో జరిగిన ఘోరం తర్వాత హాస్టల్ గోడల మీద కొత్త కాగితాలు అంటించారు. అంతవరకు జావా, ఒరాకిల్, గ్రూప్-2 కాగితాలే ఉండేవి. ఇప్పుడు వాటి పక్కన ‘అమ్మాయిలకు కరాటే’ అని వచ్చింది. అమీర్‌పేటకు పంజాగుట్టకు నడుమ ఒక బడి డాబా మీద పొద్దున ఆరింటికి క్లాసు. చేరడానికి ఒక ఫారం. పేరు, తండ్రి పేరు, తండ్రి వృత్తి. కింద ‘ఎందుకు చేరుతున్నారు?’ అని మూడు గళ్లు: ఆత్మరక్షణ, ఫిట్‌నెస్, హాబీ. నేను హాబీ దగ్గర టిక్కు పెట్టాను. ఫారం తీసుకున్నాయన దాన్ని కొట్టేసి ఆత్మరక్షణ దగ్గర టిక్కు పెట్టాడు. ‘అమ్మాయిలంతా దీనికే వస్తరు మేడం’ అన్నాడు.

ఆ కొట్టేసిన గడి గురించే ఈ వ్యాసం. ఒళ్లు కదిలించడం కొందరికి హాబీ ఎట్లయింది? కొందరికి అది ఎప్పుడూ కూలి, కాపలా, లేకపోతే ప్రాణరక్షణ మాత్రమే ఎందుకయింది? కర్ర ఎవరు పట్టాలి, ఎవరికోసం పట్టాలి అన్నది మన ఊళ్లల్లో కులం తేల్చిన విషయం. కాబట్టి యుద్ధవిద్యల చరిత్రను రాజుల కోటల నుంచి కాక వాడ నుంచి చూడాల్సి ఉంది.

1. దరువు మాది, కర్ర వాళ్లది

సాము తెలుగువాళ్ల నోట్లో ఎంతగా ఇంకిపోయిందో నుడికారమే చెబుతుంది. ఆధారం లేని పనికి దిగినవాణ్ణి నేల విడిచి సాము చేస్తున్నాడు అంటాం. ప్రమాదమైన పనిని కత్తిమీద సాము అంటాం. మాటలు తిప్పేవాడివి సాముగరిడీలు. గరిడి అంటే సాము నేర్పే చోటు. ఉత్తరాంధ్ర ఊళ్లల్లో పండగలకు సాముగరిడీ ఆడతారు. ఆ ప్రాంతం నుంచే, వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు దేశమంతా పేరు తెచ్చుకున్న మల్లుడయ్యాడు. తెలంగాణలో, రాయలసీమలో సామును తాలీం అంటారు, నేర్పే చోటు తాలింఖానా. తాలీం అనే అరబ్బీ మాటకు చదువు, బోధన అని అర్థం. అంటే కర్ర తిప్పడాన్ని కూడా మన జనం చదువు కిందనే లెక్క కట్టారు. మరి చదువు ఎవరికి అందలేదో ఈ చదువు కూడా వాళ్లకు సగమే అందింది.

మాది పాత నల్లగొండ జిల్లాలో ఒక మాదిగవాడ. పీరీల పండుగకు అలావా చుట్టూ ఊరంతా తిరిగేది. హిందువులు, ముస్లింలు, అన్ని కులాలూ కలిసే పండుగ అని దాన్ని మెచ్చుకుంటూ చాలామంది రాశారు. అది నిజమే. కానీ కలిసినచోట ఎవరి చేతిలో ఏమున్నదో కూడా చూడాలి. మా ఊళ్లో కట్టె తిప్పేది కాపు పిల్లలు, డప్పు కొట్టేది మావాళ్లు. అన్ని ఊళ్లూ ఇట్లనే ఉన్నాయని నేననను. మాల మాదిగ పిల్లలే తాలీం ఆడిన ఊళ్లూ ఉన్నాయి. మా ఊళ్లో మాత్రం మా నాయన పన్నెండేళ్ల వయసు నుంచి డప్పు కొడుతూ ఎదురుగా ఆడేవాళ్ల కాళ్లు చూశాడు. రాత్రిపూట వాడలో తోటి పిల్లలతో అదే ఆట ఆడాడు. ‘ఎవరు నేర్పిన్రు నాయనా?’ అని అడిగితే, ‘దరువు నాదే గద బిడ్డా, అడుగు నాకు తెల్వదా?’ అన్నాడు.

ఏకలవ్యుడు బొమ్మను పెట్టుకుని నేర్చుకున్నాడని భారతం చెబుతుంది. మా నాయనకు బొమ్మ కూడా లేదు. చేతిలో డప్పు ఉంది.

పగలు మాత్రం అదే చేతికి ఊరు కర్ర ఇచ్చేది. కల్లం కాడ కాపలాకు, చేను కాడ పిట్టలు కొట్టడానికి, దొర గడి ముందు రాత్రి కావలికి. వెట్టి కావలి కర్ర తప్పు కాదు, పండుగనాటి ఆట కర్ర తప్పు. ఒకే వెదురుకర్రకు రెండు ధర్మాలు. దొమ్మరివాళ్ల సంగతీ ఇట్లాంటిదే. ఎత్తైన గడ మీద పొట్ట ఆనించి తిరిగే ఆడమనిషి నైపుణ్యానికి సమాజం ఇచ్చిన పేరు దొమ్మరాట, అదీ తిట్టు కింద. అదే ఒళ్లు విరుపు స్టేడియంలో చేస్తే జిమ్నాస్టిక్స్, దానికి పతకం. నైపుణ్యానికి విలువ కట్టేది అది చేసే ఒంటి కులాన్ని బట్టేనని ఇంతకన్నా తేటగా ఎట్లా చెప్పాలి?

2. సిపాయి అయినవాళ్లు, కాకుండా పోయినవాళ్లు

‘మీవాళ్లు ఎన్నడు యుద్ధం చేసిన్రు?’ అని అడిగేవాళ్లకు జవాబు వాళ్లు పాడుకునే కథల్లోనే ఉంది. పల్నాటి వీరుల కథలో మాల కన్నమదాసు బ్రహ్మనాయుడి పక్షాన కత్తి పట్టిన సేనాని. కారెంపూడిలో వీరుల ఉత్సవం ఇప్పటికీ జరుగుతుంది. చాపకూడు గురించి చెప్పినంతగా కన్నమదాసు కత్తి గురించి మన పాఠ్యపుస్తకాలు చెప్పవు. కలిసి తిన్న దళితుణ్ణి ఒప్పుకోవడం సులువు, కలిసి సేన నడిపిన దళితుణ్ణి ఒప్పుకోవడం కష్టం.

ఈస్టిండియా కంపెనీ వచ్చాక కథ మరో మలుపు తిరిగింది. ఉత్తర భారతంలో కంపెనీ సిపాయిని ‘తిలంగా’ అని పిలిచేవాళ్లు. మొదట్లో అక్కడికి వెళ్లిన సిపాయిలు దక్షిణం నుంచి, తెలుగు నేల నుంచి వచ్చినవాళ్లు కావడంతో ఆ పేరు పడింది. 1857లో ఢిల్లీ జనం తిరుగుబాటు సిపాయిలను కూడా తిలంగాలనే అన్నారు. అప్పటికి వాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లు కారు, పేరు మాత్రం నిలిచింది. దక్షిణాది సైన్యాల్లో అంటరాని కులాలకు చోటు దొరికింది. 1818 జనవరి 1న కోరేగావ్‌లో పీష్వా సేనను ఎదిరించిన కంపెనీ దళంలో మహర్ సిపాయిలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. అంబేడ్కర్ తండ్రి రాంజీ సక్పాల్ సుబేదారు, సైనిక బడిలో ప్రధానోపాధ్యాయుడు. కంటోన్మెంటు పెట్టిన చదువే ఆ ఇంట్లో మొదటి దీపం. తెల్లవాళ్లు మనమీద దయతో ఈ పని చేయలేదు. వాళ్లకు చవకగా సిపాయిలు కావాలి, అంతే. కానీ కవాతు నేర్చిన ఒళ్లు ఊరికి తిరిగొచ్చాక మునుపటిలా వంగలేదు.

అందుకే ఆ తలుపు ఎక్కువకాలం తెరిచి ఉండలేదు. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి అధిపతిగా ఉన్న ఫ్రెడరిక్ రాబర్ట్స్, ఆ తర్వాత భారత సైన్యం మొత్తానికి సేనాధిపతి అయ్యాడు. ‘వీరజాతులు’ అనే సిద్ధాంతాన్ని గట్టిగా నమ్మినవాళ్లలో ఆయన ఒకడు. పంజాబు, నేపాలు జనం పుట్టుకతో యోధులట, దక్షిణాది జనం కాదట. 1890ల తొలినాళ్లకు మహర్ల భర్తీ ఆగిపోయింది. దక్షిణాది దళాలు తగ్గిపోయాయి. వర్ణవ్యవస్థ పుట్టుకను బట్టి పని పంచింది, వీరజాతి సిద్ధాంతం పుట్టుకను బట్టి ధైర్యం పంచింది. రెంటికీ నష్టపోయింది మనమే. మహర్ రెజిమెంటు కోసం 1941 దాకా ఆగాల్సి వచ్చింది.

శూద్రులు, అతిశూద్రులు ఎందుకు తిరగబడలేదు అన్న ప్రశ్నకు అంబేడ్కర్ 1936లో ‘కులనిర్మూలన’లో జవాబు చెప్పాడు. వాళ్లకు ఆయుధం లేదు, చదువు లేదు. ఈ రెండూ లేకుండా చేసిందే చాతుర్వర్ణ్యం. ఇందులో గమనించాల్సింది ఆయుధాన్నీ చదువునూ ఆయన ఒకే వాక్యం పక్కన పెట్టి ఆలోచించిన తీరు. తాలీం అనే మాటలో ఆ రెండూ ముందే కలిసి ఉన్నాయి.

3. 1985: ఒక అవార్డు, ఒక ఊరు

1985లో కేంద్ర ప్రభుత్వం క్రీడా శిక్షకులకు ఒక అవార్డు మొదలుపెట్టింది. దానికి ద్రోణాచార్య అని పేరు పెట్టింది. శిష్యుడి బొటనవేలు అడిగిన గురువు పేరు! ఏకలవ్యుడి వైపు నుంచి ఆ పేరు ఎట్లా వినిపిస్తుందో పెట్టినవాళ్లకు తట్టి ఉండదు.

అదే ఏడాది జూలై 16న ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగలు తాగే నీళ్ల చెరువు దగ్గర గొడవ జరిగింది. పశువుల కుడితి నీళ్లు చెరువులో కలపొద్దని అడిగినందుకు కొట్టబోతే, నీళ్లకొచ్చిన మున్నంగి సువార్త చేతిలో బిందె అడ్డం పెట్టింది. మరునాడు, జూలై 17న, ఊరు వాడమీద పడింది. ఆరుగురు మాదిగలను చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని చంపారు. ఒక ఆడమనిషి తనను తాను కాచుకోవడానికి బిందె ఎత్తితే దాన్ని యుద్ధం కింద లెక్క కట్టిన సమాజం ఇది. ‘అమ్మాయిలంతా దీనికే వస్తరు’ అన్న మాట విన్నప్పుడు నాకు సువార్త బిందె గుర్తొచ్చింది. ఆత్మరక్షణ అందరికీ ఒకే హక్కు కాదు. కొందరు చేయి అడ్డం పెడితే రక్షణ, కొందరు పెడితే తిరుగుబాటు.

మన ఉద్యమాలు ఈ ప్రశ్నను ముందునుంచీ ఎదుర్కొన్నాయి. 1927 మార్చిలో మహద్ చెరువు నీళ్లు తాగిన తర్వాత సవర్ణులు దాడి చేశారు. మనవాళ్లలో సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లున్నారు, తిరిగి కొట్టగలరు. అంబేడ్కర్ వాళ్లను ఆపాడు. ఆ ఆపడంలో పిరికితనం లేదు. కొట్టగల చేతిని ఆపుకోవడానికే క్రమశిక్షణ కావాలి. సమతా సైనిక్ దళ్ ఆ క్రమశిక్షణ కోసం పుట్టిన సంస్థే. హైదరాబాదు సంస్థానంలో దళిత రాజకీయాలు నడిపిన బి. శ్యామ్‌సుందర్ 1968లో గుల్బర్గాలో భీమసేన పెట్టాడు. ఆత్మరక్షణ దాని ప్రధాన నినాదం. మహారాష్ట్రలో దళిత పాంథర్లు వచ్చింది 1972లో, అంటే అంతకు నాలుగేళ్ల తర్వాత. ఈ వరుసను మన యువకులకు ఎవరూ చెప్పడం లేదు.

4. అందరికీ తెల్ల బెల్టే

ఇక బయటి విద్యల సంగతి. కరాటే పుట్టింది ఒకినావా దీవుల్లో. 1609లో జపాను సత్సుమా ప్రభువులు ఆ దీవులను గెలిచి ఆయుధాలు కట్టడి చేశారని, అప్పుడు రైతులు ఒట్టి చేతులతో పోరాడే విద్య తయారుచేసుకున్నారని ప్రతి కరాటే క్లాసులో చెబుతారు. నేనూ కళ్లు పెద్దవి చేసుకుని విన్నాను. తర్వాత చదివితే తేలింది ఏమిటంటే, దాన్ని ఎక్కువగా సాధన చేసింది అక్కడి ఉద్యోగ వర్గం, చిన్నపాటి కులీనులు. రైతుకు సాధన చేసే తీరిక ఎక్కడిది? అక్కడా తీరిక కులీనులదే, కథ మాత్రం రైతు పేరు మీద. గిచిన్ ఫునకోషి 1922లో టోక్యోలో దాన్ని ప్రదర్శించాక అది జపాను బడుల్లోకి వెళ్లింది. జిగోరో కానో 1882లో స్థాపించిన కొడొకాన్ జూడో నుంచి తెల్లబట్టలు, మెట్లు, బెల్టులు తెచ్చుకుంది. టైక్వాండో అనే పేరు 1955లోనే పెట్టారు. దానికి వేల ఏళ్ల ప్రాచీనత అంటగట్టారు గానీ, దాన్ని తీర్చిదిద్దినవాళ్లలో చాలామంది జపాను పాలనలో కరాటే నేర్చుకున్నవాళ్లు. పరంపర అంటే ఎక్కడైనా కొంత అల్లిక ఉంటుంది. మన దేశంలో పరంపరను చూపించి తలుపు మూసేవాళ్లకు ఈ సంగతి చెప్పాలి.

అయినా ఈ కొత్త విద్యల్లో ఒక మేలు ఉంది. ఎవరు చేరినా తెల్ల బెల్టే. తండ్రి ఏ పని చేసినా మొదటిరోజు ఒకే వరుస, ఒకే లెక్క. ఎవరి కింద ఎవరు అనేది పరీక్ష తేలుస్తుంది, పరీక్ష మళ్లీ రాయొచ్చు. మన ఊళ్లో పుట్టుక పెట్టిన పరీక్ష మళ్లీ రాసే వీలు లేదు.

బ్రూస్ లీ ఇంకో అడుగు ముందుకేశాడు. శైలులు మనుషుల్ని విడదీస్తాయని ఆయన నమ్మకం. ఏ శైలిలో ఏది పనికొస్తే అది తీసుకొమ్మన్నాడు. 1967లో తన పద్ధతికి జీత్ కునే దో అని పేరు పెట్టాడు. 1973లో ఆయన చనిపోయాక వచ్చిన ‘ఎంటర్ ది డ్రాగన్’లో నల్లజాతి కరాటే చాంపియన్ జిమ్ కెల్లీ కూడా ఉన్నాడు. ఆ సినిమా అమెరికా నల్లజాతి వాడల్లోనూ మన మురికివాడల్లోనూ ఒకే రకంగా పిల్లల్ని ఊపింది. పెద్ద శరీరం, పెద్ద డబ్బు లేకున్నా గెలవొచ్చని చూపించిన మొదటి తెర మనిషి ఆయన. విజయ్ ప్రషాద్ 2001లో ఈ బంధం మీద ఒక పుస్తకమే రాశాడు. బ్రెజిల్లో బానిసల బిడ్డల ఆట కాపోయిరా. 1888లో బానిసత్వం పోయింది, 1890లో ఆ ఆటనే నేరం చేశారు. మనిషిని విడిచిపెట్టి ఆటను కట్టేశారు. 1930లలో గానీ దానికి విడుదల లేదు. ఇప్పుడది ఆ దేశపు గౌరవ చిహ్నం. డప్పుకు, సాముకు, గడకు అట్లాంటి రోజు మనం తేవాలా, వద్దా?

5. డాబా మీద, సెల్లార్లో

అమీర్‌పేట, పంజాగుట్టల్లో నేను ఏడేళ్లలో నాలుగు విద్యలు పట్టుకున్నాను. డాబా మీద కరాటే, ఒక కమ్యూనిటీ హాల్లో టైక్వాండో, ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్లో కిక్‌బాక్సింగ్, చివరికి కొన్నాళ్లు జూడో. యూసుఫ్‌గూడ ఇండోర్ స్టేడియంలో పోటీలు చూడటానికి వెళ్లేవాళ్లం. కరాటే నిలబడటం నేర్పుతుంది, టైక్వాండో కాలు ఎత్తడం నేర్పుతుంది. జూడోలో మొదటి పాఠం పడటం. పడినా దెబ్బ తగలకుండా ఎట్లా పడాలో రెండు వారాలు అదే చేయించారు. కైకిలికి వంగీ వంగీ మా అమ్మ నడుము పోయింది. ఒంటిని కాపాడుకుంటూ పనిచేసే పద్ధతి ఆమెకు ఎవరూ నేర్పలేదు.

వచ్చేవాళ్లు రెండు రకాలు. కాలనీల పిల్లలు బండ్ల మీద తల్లిదండ్రులతో వచ్చేవాళ్లు. వాళ్లకు ఈత, కీబోర్డు, కరాటే మూడూ ఉండేవి. హాస్టళ్ల నుంచి మాలాంటివాళ్లం నడిచి వచ్చేవాళ్లం. నెల ఫీజు వేరు, డ్రెస్సు వేరు, ప్రతి బెల్టు పరీక్షకు వేరు, సర్టిఫికెట్‌కు వేరు. ఒక శైలి బెల్టు ఇంకో సంఘంలో చెల్లదు. బెల్టు పరీక్ష నెలలో నేను మెస్ మానేసి అటుకులు తిని గడిపాను. తెల్ల బెల్టు దగ్గర అందరూ సమానమే, పై రంగుకు పోవాలంటే పర్సు చూసుకోవాలి.

ఒకచోట, ఎక్కడన్నది అనవసరం, నేర్పే మాస్టారు ఇంటిపేరు అడిగాడు. తర్వాత ఊళ్లో ఇల్లు ఎక్కడన్నాడు. ఈ రెండో ప్రశ్న ఎందుకో మనకు తెలుసు. చెప్పాను. ఆయన కోపగించుకోలేదు, దూరం పెట్టలేదు. మెచ్చుకుంటూనే అన్నాడు: ‘మీవాళ్లకు బలం పుట్టుకతోనే వస్తది. టెక్నిక్ కొంచెం ఆలస్యంగా ఎక్కుతది.’

ఈ ఒక్క మాటలో రాబర్ట్స్ ఉన్నాడు, ద్రోణుడున్నాడు. బలం మనది, తెలివి వాళ్లది. ఒళ్లు మనది, విద్య వాళ్లది. నాగలి పట్టడంలో, తోలు ఊనడంలో, చెప్పు కుట్టడంలో, డప్పు సెగకు కాచి శృతి చేయడంలో ఉన్నదంతా బలమేనా? టెక్నిక్ కాదా? శ్రమలో ఉన్న జ్ఞానాన్ని బలం అని పిలవడమే కులం చేసే మొదటి దొంగతనం. ఆ రోజు నేను జవాబు చెప్పలేదు. నెల ఫీజు కట్టి ఉన్నాను, నెలాఖరు దాకా పోయి మానేశాను.

ఆడపిల్లల విషయంలో ఇంకో ముడి ఉంది. కేంద్రం ప్రభుత్వ బడుల్లో ఆడపిల్లలకు ఆత్మరక్షణ శిక్షణ పెట్టింది, దానికి రాణీ లక్ష్మీబాయి పేరు. నేర్పడం మంచిదే. రాణి వేషంలో కోట బయట పోరాడిందని బహుజనులు చెప్పుకునే కోరి కులపు ఝల్కారీబాయి పేరు మాత్రం ఎవరికీ గుర్తుకు రాలేదు. పైగా మూడు నెలల శిక్షణ భయం చుట్టూనే తిరుగుతుంది. భయం కోసం నేర్చిన విద్య భయం తగ్గగానే ఆగిపోతుంది. ఇష్టం కోసం నేర్చిందే నిలుస్తుంది. నిజామాబాదు నుంచి వచ్చి 2022లో, 2023లో బాక్సింగ్ ప్రపంచ చాంపియన్ అయిన నిఖత్ జరీన్ దగ్గర మనకు కనిపించేది ఆ ఇష్టమే. 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకులాల నుంచి వెళ్లి ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఏ శత్రువు నుంచి రక్షణకు ఆ కొండ ఎక్కారు?

6. ఊకెనే

ఒకసారి నిమ్స్‌లో చూపించుకోవడానికి మా నాయన పట్నం వచ్చాడు. పొద్దున పార్కులో నేను కటా చేస్తుంటే బెంచీ మీద కూర్చుని చూశాడు.

‘గిది ఎవర్ని కొట్టనీకి నేర్సుకుంటున్నవ్ బిడ్డా?’

‘ఎవర్ని కాదు నాయనా. ఊకెనే.’

చాలాసేపు నవ్వాడు. ‘ఊకెనే ఆడుకునేది దొర బిడ్డలే గదనే’ అన్నాడు. తర్వాత చేతికర్ర పక్కకు తీసి, నోటితో దరువు వేసుకుంటూ నాలుగు అడుగులు వేసి చూపించాడు. మోకాలు నొప్పికి ఐదో అడుగు పడలేదు. ఏడేళ్లలో నేను నేర్చుకున్న ఏ శైలికీ ఆ నాలుగు అడుగులు తక్కువ కావు. అవి నాకు ఊళ్లో ఎందుకు నేర్పలేదని అడిగాను. ‘ఆడపిల్లవని’ అన్నాడు. ఈ జవాబును కూడా చరిత్రలో రాయాలి. మన వాడ తప్పును దాచి ఊరి తప్పునే రాస్తే అది సగం చరిత్ర.

కాబట్టి మన ముందు రెండు పనులున్నాయి. వాడల్లో సాము, తాలీం, డప్పు అడుగు తెలిసిన ముసలివాళ్లు ఇంకా మిగిలి ఉన్నారు. విద్యార్థులు, పరిశోధకులు వాళ్ల దగ్గర కూర్చుని రాసుకోవాలి, వీడియో తీయాలి, నేర్చుకోవాలి. కథలు రాస్తే సరిపోదు, అడుగులు కూడా రాయాలి. రెండోది, బెల్టులు సంపాదించిన మనవాళ్లు వారానికి ఒక పొద్దు ఎస్సీ, ఎస్టీ, బీసీ హాస్టళ్లకు వెళ్లి ఫీజు లేకుండా నేర్పాలి. ఆడపిల్లలకు ముందు.

ఆ హాస్టళ్లలో ఫారం నింపాల్సి వస్తే మూడు గళ్లూ పెట్టండి. పిల్ల ఏ గడిలో టిక్కు పెడితే అదే ఉండనివ్వండి.